చలికన్నా ముందు వాన గురించి అడగండి

పాడేరుకో చింతపల్లికో ముంచింగిపుట్టుకో ఉద్యోగం పడిందని తెలియగానే పల్నాటి ఇళ్లలో మొదట వచ్చే మాట చలి గురించే. "గడ్డకట్టుకుపోతారంట కదరా అక్కడ" అని నాయనమ్మ బెంగపడుతుంది. మంచి స్వెట్టర్లు నరసరావుపేటలో దొరుకుతాయా, గుంటూరు పోవాలా అని అమ్మ లెక్కలేస్తుంది. రాజుపాలెం మండలంలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ భయం సహజం. రెంటచింతల ఎండ మనకు పక్కింటి సంగతి. సున్నపు బట్టీల వేడి, మిరప కల్లాల ఘాటు, మే నెల మధ్యాహ్నం కొండమోడు సెంటర్లో బస్సు కోసం నిలబడటం మనకు అలవాటు. సంక్రాంతి ముందు నాలుగు రోజులు దుప్పటి కప్పుకుంటే దాన్నే చలికాలం అనుకుంటాం.

ఈ అధ్యాయం ఆ కొండలెక్కబోయేవారి కోసం రాస్తున్నాను. బ్యాంకులో చేరబోయే కుర్రాడు, స్టాఫ్ నర్సు, కొత్త డాక్టరు, గురుకులం టీచరు, కరెంటు లైన్లు చూసే ఇంజనీరు, వాళ్లతో పాటు పెట్టె సర్దుకునే భార్యలు, భర్తలు. ఆ ఊళ్లున్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిందీ, మన పల్నాడు జిల్లా ఏర్పడిందీ ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న. రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నా వాటి మధ్య వాతావరణంలో, జీవనంలో ఉన్న దూరం చాలా పెద్దది. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అక్కడికి వెళ్లినవాళ్లను చలి భయపెట్టినంతగా బాధపెట్టదు. వాన బాధపెడుతుంది. అక్కడి మనుషుల గురించి ఏమీ తెలియకుండా వెళ్లడం అంతకన్నా బాధపెడుతుంది, మిమ్మల్నీ వాళ్లనూ కూడా.

ముందు చలి సంగతి తేల్చేద్దాం. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు సముద్రమట్టానికి దాదాపు 900 నుంచి 1,000 మీటర్ల ఎత్తులో ఉంటాయి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఎత్తు ఒక్కటే కారణమైతే అక్కడి చలి మనకు పెద్ద లెక్కలోది కాకపోవాలి. కానీ డిసెంబరు, జనవరిల్లో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే లంబసింగిలో, చింతపల్లి పరిసరాల్లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది, కొన్నేళ్లలో సున్నా దగ్గరిదాకా వెళుతుంది. లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యబారిపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు.

అయితే అదే రోజు పదకొండు గంటలకు ఎండ కాస్తుంది. మధ్యాహ్నం పాతిక డిగ్రీలు దాటుతుంది. అందుకని ఒకే ఒక్క లావు కోటు కొనుక్కోవడం డబ్బు దండగ. ఒంటికి అంటుకునే బనియను, దానిమీద పొడుగు చేతుల చొక్కా, పైన ఉన్ని స్వెట్టరు. పొరల మధ్య నిలిచే గాలే మిమ్మల్ని వెచ్చగా ఉంచుతుంది. పొద్దెక్కే కొద్దీ ఒక్కొక్కటీ తీసేయొచ్చు, సాయంత్రం నాలుగున్నర నుంచి మళ్లీ ఒక్కొక్కటీ వేసుకోవచ్చు. తల, చెవులు, పాదాలు కప్పుకుంటే సగం చలి తగ్గినట్టే. మంకీక్యాపు పెట్టుకోవడానికి కుర్రాళ్లు సిగ్గుపడతారు, మొదటి వారం దాటాక ఎవరూ సిగ్గుపడరు. పడుకునేటప్పుడు అందరూ పైన కప్పుకునేదాని గురించే ఆలోచిస్తారు కాని చలి కిందనుంచి ఎక్కువ వస్తుంది. సిమెంటు గచ్చుమీద చాప పరుచుకుని పైన మూడు రగ్గులు కప్పుకున్నా వణుకుతారు. మంచం, పరుపు, పరుపు మీద ఒక రగ్గు, ఆ తరువాతే పైన దుప్పటి.

ఇంకో భయం కూడా తీసేసుకోండి. లడఖ్‌లో పనిచేసి వచ్చిన మన ఊరి జవాన్లు ఊపిరాడకపోవడం గురించి చెప్పే కబుర్లు విని, పాడేరులో కూడా అలాగే ఉంటుందేమోనని అడిగేవాళ్లున్నారు. లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రాణవాయువు చాలక వచ్చే తలనొప్పి, వాంతులు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. మన మన్యం అందులో సగం ఎత్తు కూడా లేదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పితే అది బస్సు ఊపువల్లే. పొద్దున దండిగా తిని ఎక్కకుండా, ముందు సీట్లో కూర్చుని దూరంగా చూస్తుంటే చాలావరకు తగ్గుతుంది.

చలి విషయంలో నేను నిజంగా భయపడేది ఒక్కదానికే. రాత్రి తలుపులు, కిటికీలు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం. మైదానం నుంచి వచ్చినవాళ్లకు ఇది మంచి ఉపాయంలా కనిపిస్తుంది. నిప్పు సగం కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. నిద్రలో ఉన్నవాడు లేవడు. అక్కడివాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగినా కప్పు సందుల్లోంచి పొగ పోతుంది. మీరు అద్దెకుండే స్లాబు ఇంట్లో పోదు. నిప్పు కాచుకోవాలంటే వాకిట్లో నెగడు వేసుకోండి, పక్కవాళ్లనూ పిలవండి. గదిలో కుంపటి పెడితే కిటికీ తెరిచి ఉంచండి, పడుకునేముందు దాన్ని బయట పెట్టేయండి. గ్యాస్ గీజరు స్నానాల గది లోపల బిగించుకోవద్దు. పెళ్లయి కొత్తగా వెళ్లేవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతాను.

ఇల్లు వెతకడానికి చాలామంది డిసెంబరులో వెళతారు. సెలవు దొరుకుతుంది, వలిసె పూలు పసుపు పరిచి ఉంటాయి, పర్యాటకులతో సందడిగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. ఆ నెలలో చూసి నిర్ణయం తీసుకోవద్దు. వీలైతే జులై చివరనో ఆగస్టులోనో వెళ్లి రెండు రాత్రులు ఉండి రండి. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ ఎలా ఉంటుందో చూస్తేగాని మీరు ఉండబోయే ఊరు మీకు తెలియదు. రోజంతా ముసురు. రోడ్డు మీదికి మేఘం దిగి ఎదుటి మనిషి కనిపించడు. నైరుతి రుతుపవనాలు, ఆ తరువాత బంగాళాఖాతంలో వాయుగుండాలు, రెంటి వానా ఆ కొండలే అందుకుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు, పాడేరు ప్రాంతాల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్‌ఓక్ చెట్లు విపరీతంగా కూలిపోయాయి. గాలివాన వస్తే తీగల మీద చెట్టు పడుతుంది, కరెంటు పోతుంది, అడవిలో ఎక్కడ తెగిందో వెతికి బాగుచేసేసరికి కొన్నిసార్లు రెండు మూడు రోజులు పడుతుంది. ఫోను సిగ్నలు కూడా దానితోపాటే పోతుంది. మంచి టార్చిలైటు, పవర్‌బ్యాంకు, కొంత చేతి నగదు ఇంట్లో ఉంచుకోవడం తప్పనిసరి. ఏటీఎంలో డబ్బు ఉంటుందని, ఫోన్‌పే పనిచేస్తుందని నమ్ముకుని సంతకు వెళ్లకూడదు.

అద్దె ఇల్లు చూసేటప్పుడు గదుల సంఖ్య ఆఖర్న చూడండి. పొద్దుటి ఎండ వాకిట్లో పడుతుందా? ఇల్లు లోయ అడుగున గెడ్డ (వాగు) పక్కన ఉందా, కాస్త ఎత్తున వాలు మీద ఉందా? అడుగున ఉన్న ఇంటికి చలికాలంలో గాలి చేరుతుంది, వానాకాలంలో నీరు చేరుతుంది. రేకుల కప్పు అయితే లోపలి ఆవిరి రేకుకు తగిలి చెమటపట్టినట్టు పట్టి తెల్లవారేసరికి మంచం మీద బొట్లు పడతాయి. కింద సీలింగు ఉందో లేదో అడగండి. నీళ్లు ఎక్కడనుంచి వస్తాయి, ఏప్రిల్‌లో కూడా వస్తాయా అన్నది ఇంటి యజమానిని కాకుండా ఎదురింటివాళ్లను అడగండి.

తడి గురించి మనకు ఏమీ తెలియదు. పల్నాడులో గంటలో ఆరే చీర అక్కడ ఆగస్టులో మూడు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. జీన్సు ప్యాంట్లు పక్కన పెట్టి త్వరగా ఆరే పలచటి బట్టలు తీసుకెళ్లండి. పిల్లల స్కూలు యూనిఫారాలు మామూలుకన్నా ఒక జత ఎక్కువ కుట్టించండి. తోలు చెప్పులు, బెల్టులు, తోలు సంచులు బూజు పట్టిపోతాయి. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కోండి, జలగల నుంచీ కాపాడతాయి. పదోతరగతి నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లు, పొలం కాగితాలు రాజుపాలెంలోనే వదిలేసి నకళ్లు మాత్రమే పట్టుకెళ్లండి.

ఇప్పుడు వంటింటికి వస్తాను. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు నీరసం వచ్చేది ఇక్కడే. మొదటి చలికాలంలో పెరుగు తోడుకోదు. పాలు విరిగాయో, తోడు పాడయిందో అనుకుని ఇల్లాలు తనను తానే నిందించుకుంటుంది. పాలను మన దగ్గరకన్నా కాస్త వేడిగా ఉన్నప్పుడే తోడుపెట్టి, తోడు రెట్టింపు వేసి, గిన్నెను ఉన్ని గుడ్డలో చుట్టి హాట్‌బాక్సులో పెడితే తోడుకుంటుంది. ఇడ్లీపిండి రాత్రి రుబ్బితే పొద్దునకి పులవదు. మధ్యాహ్నమే రుబ్బి పొయ్యి దగ్గర వెచ్చటి చోట ఉంచాలి. లేదా గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో దించాలి. వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు విడి గిన్నెలో కాస్త ఎక్కువసేపు తీసుకుంటుంది, కుక్కరైతే తేడా తెలియదు. కొబ్బరినూనె సీసాలోనే గట్టిపడుతుంది, వెడల్పు మూత ఉన్న డబ్బాలో పోసుకోండి. చర్మం పగిలితే స్నానం చేసిన వెంటనే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి.

మన పచ్చళ్లు తీసుకెళ్లకుండా ఎలాగూ ఉండరు. పండుమిరప పచ్చడి, గోంగూర, మాగాయ చిన్న చిన్న జాడీల్లో పెట్టుకెళ్లండి. పెద్ద జాడీ మూత రోజూ తీస్తుంటే వానాకాలపు తడిగాలికి నెలలో బూజు వస్తుంది. పైన నూనె తేలుతూ ఉండాలి, గరిటె పొడిగా ఉండాలి. కారం ఏడాదికి సరిపడా కొట్టించి పట్టుకెళ్లే అలవాటు అక్కడ పనికిరాదు. తడి తగిలిన కారం ముద్దకట్టి రంగు మారుతుంది, బూజు పట్టినదాన్ని తినకూడదు కూడా. మూడు నెలలకు ఒకసారి ఊరు వచ్చినప్పుడల్లా కొంచెం కొట్టించుకోండి. వడియాలు, అప్పడాలు మన ఎండలోనే పెట్టుకుని వెళ్లండి.

అక్కడి తిండి కూడా నేర్చుకోండి. చోడి (రాగి) అంబలి, సామల అన్నం, చింతపల్లి వైపు పండే రాజ్‌మా, సంతలో దొరికే దుంపలు, పచ్చి అల్లం, పసుపు. ఆ వాతావరణానికి తగిన తిండి అది. రోజూ మనలాగే వరన్నం, ఎర్రటి కూర, గడ్డపెరుగు కావాలని పట్టుబడితే వండేవాళ్లకు ప్రతి పూటా పరీక్షే.

జ్వరం గురించి ఒక పేజీ తక్కువ రాసినా తప్పు చేసినట్టే. విశాఖ మన్యంలో మలేరియా ఎప్పటినుంచో ఉంది, అందులో ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం ఎక్కువ. అది మెదడుకెక్కితే మనిషి రెండు మూడు రోజుల్లో చేజారిపోవచ్చు. మన ఊళ్లో జ్వరం వస్తే మెడికల్ షాపులో రెండు మాత్రలు తెచ్చి వేసుకుని మూడు రోజులు చూస్తాం. కొండ మీద ఆ పని చేయకండి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆశా కార్యకర్తల దగ్గర అక్కడికక్కడే ఫలితం చూపే కిట్లు ఉంటాయి. మీ వీధి ఆశా కార్యకర్త ఎవరో వెళ్లిన మొదటి వారంలోనే తెలుసుకుని ఆమె నంబరు గోడమీద రాసుకోండి. వైవాక్స్ రకం మలేరియాకు 14 రోజులు వాడమని ఇచ్చే మాత్రను జ్వరం తగ్గిందని నాలుగో రోజున ఆపేస్తే కాలేయంలో దాగినది నెలల తరువాత తిరగబెడుతుంది. దోమతెర రాత్రంతా కట్టుకుని పడుకోవాలి. మందు కొట్టడానికి వచ్చినవాళ్లను గుమ్మంలోంచి పంపేయకండి, మంచం కిందా గోడల మీదా కొట్టనివ్వండి. నీళ్లు మరగబెట్టి తాగండి, ఊట నీళ్లు ఎంత తేటగా కనిపించినా సరే.

ఇంకొకటి చాలామందికి తట్టదు. సెలవుకు రాజుపాలెం వచ్చాక జ్వరం తగిలితే సత్తెనపల్లిలోనో పిడుగురాళ్లలోనో డాక్టరు ముందు కూర్చుని "నేను ఏజెన్సీ నుంచి వచ్చాను" అని మొదటే చెప్పండి. మన దగ్గర వైద్యుడికి మలేరియా అనుమానం వెంటనే రాకపోవచ్చు. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష ముందే జరుగుతుంది.

పెద్ద రోగమైతే పాడేరు ఆస్పత్రి, అక్కడా కాకపోతే విశాఖపట్నం కేజీహెచ్. పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, అది మంచి మార్పు. కానీ పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్ల పైనే ఉంది, అందులో ఘాట్ రోడ్డు ఉంది. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. మీ ఇంట్లో గర్భిణి ఉంటే నెలలు నిండేదాకా ఆగకుండా ముందే కిందికి దింపండి. ఆస్తమా, గుండెజబ్బు, తీవ్రమైన మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లను మొదటి ఏడాది తీసుకెళ్లకుండా ఉండటమే మేలు. ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చి చూసిపోవచ్చు.

దారి సంగతి. సత్తెనపల్లిలోనో పిడుగురాళ్లలోనో జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అనకాపల్లిలో దిగొచ్చు. అక్కడనుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు. చింతపల్లి వెళ్లాలంటే నర్సీపట్నం మీదుగా ఎక్కాలి, లంబసింగి ఆ దారిలోనే తగులుతుంది. సొంత బండి తీసుకెళ్లేవాళ్లు ఘాట్ మర్యాదలు తెలుసుకోవాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, బ్రేకు మీద కాలు ఆనించి దిగితే సగం దారిలో బ్రేకు వేడెక్కి పట్టదు. మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, లైటు దించాలి. పొద్దుగూకాక ద్విచక్రవాహనం మీద ఘాట్ ఎక్కడం పెట్టుకోవద్దు. భారీ వాన కురిసిన మర్నాడు రాళ్లు జారతాయి కాబట్టి బయలుదేరేముందు అటునుంచి వచ్చిన బస్సు డ్రైవరును అడగండి.

ఇక మనుషుల సంగతి. ఇక్కడ కాస్త ఆగి రాస్తాను.

అది ఆదివాసుల నేల. బగత, కొండదొర, కోందు, వాల్మీకి, కోటియ, పోర్జ, గదబ తెగలవాళ్లు అక్కడ ఉంటారు. ఒకే మండలంలో తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి వినిపిస్తాయి. ఆరేళ్ల పిల్లకు మీ తెలుగు అర్థం కాకపోతే ఆ పిల్లకు తెలివి తక్కువని అనుకోకూడదు. ఆమెకు ఇంట్లో ఒక భాష ఉంది, బడిలో అడుగుపెట్టిన రోజున మనం రెండోది ఆమె నెత్తిన పెట్టాం. ఈ ఇబ్బంది గుర్తించే ప్రభుత్వం కువి, సవర, కోయ, ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేయించింది. టీచరైనా నర్సయినా ముందు వాళ్ల భాషలో నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుంచి, అన్నం తిన్నావా, భయపడకు అనే నాలుగు మాటలు నేర్చుకుంటే ఉద్యోగం సగం తేలికవుతుంది. నేర్పమని అడిగితే సంతోషంగా నేర్పుతారు.

మన పల్నాటి గొంతు పెద్దది. ప్రేమగా పిలిచినా కోపంగా ఉన్నట్టుంటుంది, స్నేహితుడిని "ఏరా" అంటే మనకు దగ్గరితనం. అదే "ఏరా" ఆ కొండల్లో మరో రకంగా వినిపిస్తుంది. కింది నుంచి వచ్చిన వ్యాపారులూ అధికారులూ తరతరాలుగా తెల్లజుట్టు మనిషిని కూడా "ఒరే" అని పిలిచిన చరిత్ర అక్కడుంది. వయసులో చిన్నవాడినైనా "మీరు" అనండి, పెద్దవాళ్లను "అయ్యా", "అమ్మా" అనండి. గొంతు ఒక మెట్టు దించండి. వాళ్లు మాట్లాడటానికి సమయం తీసుకుంటారు, మధ్యలో మీరు వాక్యం పూర్తి చేసేయకండి. అడగకుండా ఫొటో తీయవద్దు. థింసా వాళ్లు తమ పండగకు, తమ పెళ్లికి ఆడుకునే ఆట, మీ బంధువులు వచ్చినప్పుడు ఆడించి చూపించే వినోదం కాదు. చైత్రంలో ఇటుకల పండగ వచ్చినప్పుడు మగవాళ్లు వేటకు వెళతారు, ఆడవాళ్లు రోడ్డు మీద తాడు అడ్డం పట్టి బండ్లు ఆపి పండగ డబ్బులు అడుగుతారు. నవ్వుతూ ఇచ్చి ముందుకు సాగండి. ఆ రోజుల్లో శిక్షణా తరగతులు, సమావేశాలు పెట్టి ఎవరూ రాలేదని విసుక్కోవడం మన తప్పు. కాఫీ పండ్లు కోసే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంటిల్లిపాదీ తోటల్లోనే ఉంటారన్నది కూడా గుర్తుపెట్టుకుని పనులు పెట్టుకోండి. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఆ చేతులు కోసినదే.

సంతలో బేరం ఆడే తీరు కూడా మార్చుకోవాలి. అడవి తేనె, చింతపండు, కుంకుడుకాయలు, కొండచీపుర్లు తెచ్చే మనిషి తెల్లవారుజామున లేచి కిలోమీటర్ల కొద్దీ నడిచి వచ్చి ఉంటుంది. పది రూపాయలు తగ్గించి గెలిచానని ఇంటికి రావద్దు. దళారుల తూకం మోసాన్ని తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. దాని డిపోల్లో ధరలు ఒకసారి చూసి వస్తే సంతలో ఏది న్యాయమైన ధరో మీకే తెలుస్తుంది.

భూమి గురించి సూటిగా చెబుతాను, ఎందుకంటే మన వైపు మనిషి కాస్త డబ్బు చేతికి రాగానే భూమి వైపే చూస్తాడు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించిన తరువాత, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనే ఆ చట్టం ప్రకారం అమ్మకమే కాదు, కౌలు, తాకట్టు, దానం కూడా చెల్లవు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా చెల్లదు. అప్పు కింద పంటా, పంట వెంట పొలమూ కిందివాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంటే ఆపడానికి వచ్చిన చట్టం అది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ భూమిని కూడా అక్కడ ప్రైవేటు గనుల కంపెనీలకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. "ఎవరి పేరునో పెట్టి అరెకరం కాఫీతోట తీసుకుందాం సార్" అని మీ దగ్గరికి వచ్చేవాళ్లుంటారు. డబ్బు పోతుందన్నది ఆఖరి సంగతి. బినామీగా భూమి తీసుకున్న రోజునుంచి ఆ ఊళ్లో మీరు టీచరూ కారు, డాక్టరూ కారు.

ఈ పట్టుదల ఎక్కడనుంచి వచ్చిందో పల్నాటివాళ్లం మిగతావారికన్నా బాగా అర్థం చేసుకోగలం. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి పన్ను కట్టమంటే కట్టేది లేదన్నాడు మించాలపాడు కన్నెగంటి హనుమంతు. 1922లో పోలీసు తూటాలకు బలయ్యాడు. అదే 1922లో, ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు గాం గంటందొర, మల్లుదొరలతో, మన్యం వీరులతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లాడు. అక్కడ పోడు సాగు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి, ఇక్కడ మేత మీద పన్ను. మన ముత్తాతలకూ వాళ్ల ముత్తాతలకూ అడవి మీద హక్కు తీసేసింది ఒకే సర్కారు. చింతపల్లి బడిలో పాఠం చెప్పే రాజుపాలెం మనిషి ఈ రెండు కథలూ పక్కపక్కన చెబితే పిల్లలు వింటారు. మీ ఊరు ఎక్కడని వాళ్లే అడుగుతారు.

కుటుంబం విషయం ఆఖర్న పెట్టాను గాని నిర్ణయం మాత్రం మొదటే జరగాలి. ఉద్యోగం ఉన్న మనిషికి ఆఫీసు ఉంటుంది, నలుగురు పలకరిస్తారు. వెంట వెళ్లిన భార్యకో భర్తకో రోజంతా నాలుగు గోడలు, కిటికీ బయట మంచు. డిసెంబరులో కొండ వెనక సూర్యుడు దిగిపోయి అయిదున్నరకల్లా చీకటి. రాత్రి పది దాకా వీధి అరుగుల మీద మాటలు వినిపించే ఊరినుంచి వచ్చినవాళ్లకు ఆ నిశ్శబ్దం మొదటి మూడు నెలలు గుండె మీద బరువుగా ఉంటుంది. "నీకేం, నువ్వు పనిలో పడిపోతావు" అన్న మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. వచ్చినప్పుడు వాదించకండి, ఆ మాట నిజం. వాళ్లకు అక్కడ చేయడానికి ఒక పని వెళ్లకముందే ఆలోచించాలి. సాయంత్రం పిల్లలకు చదువు చెప్పడమో, మిషను కుట్టడమో, పరీక్షలకు చదువుకోవడమో ఏదైనా సరే. పిల్లల చదువు కోసం ఒకరు నరసరావుపేటలో, ఒకరు కొండ మీద ఉండాలని నిర్ణయించుకుంటే ఎన్నాళ్లో ముందే చెప్పుకోండి. గడువు లేని ఎడబాటు మనుషులను లోపలినుంచి తినేస్తుంది. ఇంటికి ఫోను చేసే వేళ ఒకటి పెట్టుకుని, సిగ్నలు దొరక్కపోతే రెండో రోజు దాకా కంగారు పడవద్దని అమ్మానాన్నలకు ముందే నచ్చజెప్పండి.

బదిలీ కోసం మొదటి రోజునుంచే రోజులు లెక్కపెట్టేవాళ్లను చూశాను. వాళ్లు గిన్నెలు కూడా పూర్తిగా విప్పుకోరు, ఎదురింటివాళ్ల పేరు అడగరు, జ్వరం వస్తే పలకరించే దిక్కుండదు. రెండేళ్లే ఉంటారని తెలిసినా ఇరవయ్యేళ్లు ఉండేవాళ్లలా కాపురం పెట్టండి. తెరలు కట్టండి, పెరట్లో బీరపాదు పెట్టండి, వారపు సంతలో ఒక మనిషి దగ్గరే కూరలు కొనండి.

బదిలీ వచ్చిన రోజున సంతలో బాకీలుంటే తీర్చేయండి. రబ్బరు బూట్లు, రగ్గులు అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, మన ఊళ్లో వాటికి పనిలేదు. తరువాత వచ్చే ఉద్యోగికి ఛార్జి అప్పగించేటప్పుడు ఆఫీసు ఫైళ్లతోపాటు ఒక కాగితం కూడా రాసి ఇవ్వండి. ఏ ఊట ఏప్రిల్‌లో ఎండిపోతుంది, ఏ కల్వర్టు మీదికి వానకు నీరెక్కుతుంది, ఏ మలుపులో సిగ్నలు దొరుకుతుంది, ఆశా కార్యకర్త ఇల్లు ఎక్కడ, ఏ గూడేనికి రోడ్డు లేదు, అక్కడినుంచి కబురొస్తే ఎవరిని వెంటబెట్టుకు వెళ్లాలి.